ముఖం చూడని మనిషి కోసం ఏడుస్తున్నాను, నాకేమైనా జబ్బా?

ప్రశ్న: నాకు నలభై దాటాయి. కొన్నేళ్లుగా ఇంటర్నెట్‌లో మామూలు మనుషులు రాసుకునే డైరీలు చదవడం అలవాటు. పేరున్నవాళ్లవి కావు. ఉద్యోగం పోయినాయన ఒకరు, ఒంటరిగా కొడుకుని పెంచుకుంటున్న ఆవిడ ఒకరు, అలాంటివాళ్లవి. వాటిలో ఒకావిడ డైరీ అంటే నాకు ప్రాణం. డిమెన్షియాతో ఉన్న తల్లిని చూసుకుంటూ దాదాపు రోజూ రాత్రి నాలుగు ముక్కలు రాసేది. తల్లి తడబడకుండా ఇంట్లో ప్రతి తలుపుకీ ఏ గదో రాసి చీటీ అంటించిందట. ఒకరోజు ఆ తల్లి చీటీలన్నీ ఊడబీకి, మడిచి, దిండు కింద దాచుకుందట. అది చదివి రాత్రంతా ఏడ్చాను. నెల రోజులుగా ఆవిడ ఏమీ రాయడం లేదు. నాకు నిద్ర పట్టడం లేదు. ఫొటోల్లో కనిపించిన వీధినిబట్టి ఆవిడ ఊరు కనిపెట్టాలని కూడా చూశాను. కామెంటు రాయబోయి ఎన్నోసార్లు చెరిపేశాను. మావారు గదిలోకి వస్తే ఫోను బోర్లా పెట్టేస్తాను. “ఊరూ పేరూ తెలియనివాళ్ల మీద ఉన్న ధ్యాస ఇంట్లోవాళ్ల మీద లేదు” అంటారాయన. మా అమ్మ పోయి రెండేళ్లయింది. ఆఖరి రోజుల్లో నేను దగ్గర లేను. నాకేమైనా మానసిక జబ్బా? ఈ డైరీలు మానేయాలా?

సలహా: మానేయక్కర్లేదమ్మా. ముందు ఆ భయం తీసేయండి.

పరిచయం లేని మనిషి మీద మమకారం పెరగడం మీ ఒక్కరికే వచ్చింది కాదు, ఇంటర్నెట్‌తో పుట్టిందీ కాదు. డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే అమెరికన్ పరిశోధకులు 1956లోనే దీని గురించి రాశారు. రేడియోలో, టీవీలో రోజూ వినిపించే, కనిపించే మనిషిని జనం తమ స్నేహితుడిలా భావించుకోవడం చూసి, దానికి ‘పారాసోషల్’ అని పేరు పెట్టారు. ఇటువైపు ఆత్మీయత నిజం. అటువైపు మనిషికి మాత్రం మనం ఉన్నట్టే తెలియదు. డైరీ విషయంలో ఈ అనుబంధం ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. టీవీలో మనిషి అందరితో మాట్లాడతాడు. డైరీ రాసే మనిషి రాత్రిపూట, అలసిపోయి, తనతో తాను మాట్లాడుకుంటుంది, దాన్ని మీరు ఒంటరిగా కూర్చుని చదువుతారు. పక్కింటివాళ్లకు కూడా చెప్పుకోని సంగతులు మీకు తెలుస్తాయి. అలాంటప్పుడు ఆవిడ మీకు దగ్గరిదనిపించకపోతేనే ఆశ్చర్యం.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపేసినవి మూడు చిన్న సంగతులు. కామెంటు రాసి చెరిపేయడం, ఫోను బోర్లా పెట్టడం, చివర్లో అమ్మగారి గురించి ఒక్క మాట రాసి వదిలేయడం. మూడుచోట్లా మీరు దాక్కుంటున్నారు. ఎవరో తమ మనసు విప్పి రాస్తే గంటల తరబడి చదువుతారు. మీ మనసు మాత్రం ఎవరికీ కనపడనివ్వరు. మిమ్మల్ని నలిపేస్తున్నది ఈ దాచుకోవడమే అని నాకు అనిపిస్తోంది. చదవడం కాదు.

అమ్మగారి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ అక్కణ్ణుంచే వస్తున్నాయి. ఆఖరి రోజుల్లో దగ్గర లేని కూతురు, తల్లిని దగ్గరుండి చూసుకుంటున్న ఇంకో కూతురి డైరీని రోజూ తెరుస్తోంది. ఆ చీటీల సంగతికి రాత్రంతా ఏడ్చారంటే, ఆ ఏడుపులో సగమైనా మీ అమ్మగారి కోసం అయి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. సొంత దుఃఖం నేరుగా బయటికి రాలేనప్పుడు వేరేవాళ్ల కథలో దారి వెతుక్కుంటుంది. ఇప్పుడు ఆవిడ రాయడం ఆపేసేసరికి ఆ దారి కూడా మూసుకుపోయింది. తల్లి పోయిందో, ఉందో, ఆవిడే జబ్బుపడిందో ఏదీ తెలియదు. ఇలా తేలకుండా మిగిలిపోయే బాధను పౌలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాల్లో గమనించారు. మనిషి కళ్లముందే ఉన్నా మనసు చేజారిపోయే డిమెన్షియా కూడా అలాంటి నష్టమేనని ఆమె వివరించారు. ఇలాంటి బాధకు ముగింపు దొరకదు కాబట్టి మనసు మళ్లీ మళ్లీ అక్కడికే పోతుంది. మీరు రాత్రిళ్లు ఆ పేజీ తెరిచి చూడటం అందుకే.

ఆవిడ ఊరు వెతకడం మాత్రం ఈ రోజే ఆపేయండి. దీని గురించి కొంచెం కటువుగానే చెప్తున్నాను. చీటీలు అంటించిన తలుపుల గురించి ఆవిడ ఇష్టపడి చెప్పింది, వీధి పేరు చెప్పలేదు. ఆవిడ ఇచ్చినంత వరకే మీది. మంచి మనసుతోనే అయినా, చెప్పని చోటు పట్టుకుని ఎవరైనా తన గుమ్మం దగ్గరికి వస్తే ఏ డైరీ రచయిత అయినా హడలిపోతుంది, ఇంకెప్పుడూ రాయదు. రాయడం ఆగిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. జబ్బు ముదిరితే రోగి రాత్రంతా మెలకువగా ఉండొచ్చు, అప్పుడు చూసుకునేవాళ్లకు పెన్ను పట్టే ఓపిక ఉండదు. లేదా, వద్దని చెప్పలేని స్థితిలో ఉన్న తల్లి గురించి ఇక రాయకూడదని ఆవిడకే అనిపించి ఉండొచ్చు. అదే కారణమైతే, నన్నడిగితే, అది కూడా తల్లి మీద ప్రేమే.

ఆ చెరిపేసిన కామెంటు మాత్రం ఈసారి పంపండి. 1998లో మొదలైన ఓపెన్ డైరీ అనే సైటులోనే చదివినవాళ్లు కింద తమ మాట రాసే వీలు వచ్చింది. డైరీ రాసేవాళ్లలో చాలామంది ఆ మాట కోసం ఎదురుచూస్తారు. “ఏమైంది, ఎందుకు రాయడం లేదు” అని అడగకండి. అలసిన మనిషికి జవాబు చెప్పడం కూడా బరువే. ఇలా రాస్తే చాలు: “మీ అమ్మగారు దిండు కింద దాచుకున్న చీటీలు నాకు ఇంకా గుర్తున్నాయి. మా అమ్మ ఆఖరి రోజుల్లో నేను దగ్గర లేను. మీరు రాసింది చదివి మొదటిసారి ఆమె కోసం ఏడవగలిగాను. జవాబు రాయాల్సిన పని లేదు.” పంపాక జవాబు వచ్చిందా అని పదేపదే చూడకండి. రాకపోయినా ఫర్వాలేదు, మీ మాట మీరు చెప్పేశారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. డైరీల్లో రాసేదంతా నిజమే అయి ఉండక్కర్లేదు. క్యాన్సర్‌తో పోరాడుతున్న అమ్మాయి పేరుతో సాగిన ఒక ఆన్‌లైన్ డైరీని ఎంతోమంది కన్నీళ్లతో చదివారు. అలాంటి అమ్మాయే లేదని 2001లో బయటపడింది. మీ డైరీ ఆవిడను అనుమానించమని కాదు. ఎప్పుడైనా, ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం మీవారితో మాట్లాడకుండా పంపకండి.

ఇక మీవారు. ఆయన మాట గుచ్చుకునేలా ఉంది, నిజమే. కానీ ఆయనకు కనిపిస్తున్నదేమిటి? తను రాగానే బోర్లా పడుతున్న ఫోను. దాన్ని చూసి ఏ భర్త అయినా అసలు సంగతి కన్నా అన్యాయమైనదే ఊహించుకుంటాడు. కాబట్టి సంజాయిషీ చెప్పకండి, చూపించండి. ఒక సాయంత్రం ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు ఆ చీటీల పేజీ తెరిచి పైకి చదవండి. గొంతు పూడుకుపోతే పూడుకుపోనివ్వండి. తర్వాత “నాకు అమ్మ గుర్తొస్తోందండీ” అని చెప్పండి. రెండేళ్లుగా మీలో ఇంత దుఃఖం ఉందని ఆయనకు తెలియకపోయి ఉండొచ్చు. వెంటనే సరైన మాట ఆయన నోట రాకపోతే నొచ్చుకోకండి. కొందరు మగవాళ్లు మర్నాడు అడుగుతారు.

మీరు కూడా రాయండి. ఇంటర్నెట్‌లో పెట్టమని అనడం లేదు, మామూలు నోటు పుస్తకంలో. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన అధ్యయనంలో కాలేజీ విద్యార్థులు వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. తమ జీవితంలో బాధపెట్టిన ఘటన గురించి, జరిగినదీ తమకు అనిపించినదీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి 6 నెలల్లో వైద్యశాలకు తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్లకు మనసు ఇంకా బరువెక్కింది. మీకూ అలాగే కావచ్చు, బెదరకండి. తర్వాతి పరిశోధనల్లో ఈ మేలు అందరికీ ఒకేలా కనపడలేదు, అందుకని దీన్నే మందు అనుకోవద్దు. ఆఖరి రోజుల్లో మీరెందుకు వెళ్లలేకపోయారో, వెళ్లి ఉంటే అమ్మతో ఏం చెప్పేవారో, అది రాయండి. రాస్తుంటే తట్టుకోలేనట్టనిపిస్తే అక్కడితో ఆపేయండి.

మిగతా డైరీలు హాయిగా చదువుకోండి. పడక మీద, దీపం తీసేశాక మాత్రం వద్దు. పగటిపూట, నలుగురూ తిరిగే గదిలో చదవండి.

నెల రోజులుగా నిద్ర లేదన్న మాటను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఒక్క ఉత్తరం చూసి జబ్బు ఉందనీ, లేదనీ తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు. ఇవన్నీ చేశాక కూడా రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోయినా, తిండి మీద, పని మీద ఆసక్తి పోయినా మానసిక వైద్యుణ్ణి కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అన్నాళ్లు ఆగకండి, ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీవారిని వెంట తీసుకెళ్లండి. డాక్టర్‌తో డైరీల సంగతి తర్వాత చెప్పొచ్చు, ముందు మీ అమ్మగారి గురించి చెప్పండి.