నన్ను నేను ప్రేమించుకుంటే స్వార్థం కాదా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. నా వయసు 31. ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి పిల్లలకి చెబుతున్నాను. నాన్న లేరు, అమ్మా నేనే ఉంటాం. ఆరేళ్లు ఒకతన్ని ప్రేమించాను. పెళ్లి చేసుకుంటాడనే నమ్మాను. కిందటేడు ఇంట్లోవాళ్లు చూసిన, ప్రభుత్వ ఉద్యోగం ఉన్న అమ్మాయిని చేసుకున్నాడు. ఇప్పటికీ ఆవిడ పుట్టింటికి వెళ్లినప్పుడల్లా రాత్రిపూట నాకు ఫోన్ చేస్తాడు. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తుతాను. నన్ను నేను ప్రేమించుకోవాలని, రోజూ అద్దం ముందు నిలబడి ‘నువ్వంటే నాకిష్టం’ అని చెప్పుకోమని స్నేహితురాలు చెప్పింది. చెప్పుకుంటుంటే అబద్ధమాడుతున్నట్టుంది. సత్సంగానికి వెళితే మనుషుల ప్రేమంతా మాయ, దేవుణ్ణి ప్రేమించు అంటున్నారు. లక్ష్మివారం, శనివారం ఉపవాసాలుంటున్నాను. మార్గశిరంలో లక్ష్మివారాలన్నీ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉన్నాను. దీపం ముందు కూర్చున్నా చెవి ఫోన్ మీదే ఉంటుంది. స్కూల్లో మధ్యాహ్నం పిల్లల డబ్బాల మూతలు తీసి, అన్నం కలిపి పెడుతుంటే మాత్రం టైమ్ తెలీదు. నా డబ్బా చాలా రోజులు అలాగే ఇంటికి తిరిగొస్తుంది. అమ్మ టెక్కలి సంబంధం చూసింది, ఏదో ఒకటి చెప్పమంటోంది. నన్ను నేను ప్రేమించుకోవడం స్వార్థం కాదా? నాది దొంగ భక్తేనా?

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వనే రాస్తున్నాను.

ప్రేమ, భక్తి అనే పెద్ద మాటలకి ముందు ఆ ఫోన్ సంగతి తేల్చుకోవాలి. భార్య ఇంట్లో లేనప్పుడు మాత్రమే నువ్వు గుర్తొచ్చే మనిషి నిన్ను ప్రేమిస్తున్నాడంటే నేను ఒప్పుకోను. అతనికి ఇల్లు బోసిపోయింది, మాట్లాడటానికి ఎవరో ఒకరు కావాలి, నువ్వు ఎత్తుతావని తెలుసు. మాట్లాడేసి అతను హాయిగా పడుకుంటాడు. నువ్వు తెల్లారేదాకా అతనన్న ప్రతి మాటా తిరగేసి, బోర్లేసి చూసుకుంటావు. పైగా పుట్టింటికి వెళ్లిన ఆ అమ్మాయి నీకే అపకారమూ చెయ్యలేదు. ఈ ఫోన్ల సంగతి తెలిసిన రోజున ఆవిడ పడే బాధ కూడా అచ్చం నీ బాధలాంటిదే.

‘ఇక నాకు ఫోన్ చెయ్యొద్దు’ అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి, జవాబు కోసం చూడకుండా నంబరు బ్లాక్ చెయ్యి. వాట్సాప్‌లో కూడా. ఒక్కసారి మాట్లాడి, అన్నీ చెప్పి మానేద్దామని అనిపిస్తుంది. ఆ ఒక్కసారి ఇంకోసారికి దారితీస్తుంది, కాబట్టి వద్దు. కొన్నాళ్లపాటు రాత్రి ఫోన్‌ని అమ్మ పడుకునే గదిలో పెట్టి పడుకో. వేరే నంబర్ల నుంచి చేసి వేధిస్తే మాత్రం భరించకు. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

ఇప్పుడు నీ ప్రశ్న. స్వార్థం అంటే ఎదుటివాళ్ల పళ్లెంలోది లాక్కోవడం. నీ పళ్లెంలో నువ్వు వడ్డించుకోవడాన్ని స్వార్థమని ఎవరూ అనరు. అయినా మన ఇళ్లలో ఆడపిల్లలకి ఈ భయం చిన్నప్పుడే పట్టుకుంటుంది. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్లబోతూ, ఉన్నది భార్యలిద్దరికీ పంచేస్తానంటాడు. భూమి నిండా ధనమున్నా దానితో నాకు అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. రాదంటాడు. అయితే అదెందుకు నాకు, నీకు తెలిసిందేదో అది చెప్పమంటుంది. అప్పుడాయన అన్నాడు: భర్త ప్రియమైనవాడు అయ్యేది భర్త కోసం కాదు, ఆత్మ కోసమే. భార్యా, బిడ్డలూ, ధనమూ, దేవతలూ అన్నీ ఇదే వరసలో చెబుతాడు. ఇక్కడ ఆత్మ అంటే ‘నేను, నాది’ అనే అహంకారం కాదు. అందరిలోనూ ఉన్నదేదో అది. అది నీలోనూ ఉంది కదా! లోకంలో అందరినీ ప్రేమించి నిన్నొక్కదాన్నే వదిలేస్తానంటే ఆ లెక్క కుదరదమ్మా.

అద్దం ముందు చెప్పుకోవడం నీకు అబద్ధంలా ఉందంటే మానెయ్. కొందరికి అది పనికొస్తుందేమో, నీకు రాలేదు. అమెరికాలో క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003లో ఈ విషయం మీద రాసినప్పుడు, మన మీద మనం చూపించుకునే కరుణని మూడు భాగాలుగా చెప్పింది. దెబ్బ తిన్నప్పుడు మనల్ని మనం తిట్టుకోకుండా దయగా ఉండటం ఒకటి. ఇలాంటిది నా ఒక్కదానికే రాలేదు, మనిషన్నవాళ్లకి వస్తుందని గుర్తుంచుకోవడం రెండు. బాధని దాచకుండా, ఉన్నదానికన్నా పెంచకుండా చూడటం మూడు. ‘నేను గొప్పదాన్ని’ అనుకోవడానికీ దీనికీ తేడా ఉందని కూడా చెప్పింది. గొప్ప అనుకోవాలంటే పక్కన ఎవరితోనో పోల్చుకోవాలి, పోలికలో తగ్గగానే మనసు కుంగిపోతుంది. ఆ అమ్మాయి గురించి నీ ఉత్తరంలో ఉన్నది ఒక్కటే సంగతి, ప్రభుత్వ ఉద్యోగం. అంటే నీ మనసు పొద్దస్తమానం తక్కెడ పట్టుకుని కూర్చుందన్నమాట. కరుణకి ఆ తూకంతో పనిలేదు. ఉద్యోగం ఉన్నా లేకపోయినా, దెబ్బ తగిలిన మనిషికి అన్నం పెట్టాలి, పడుకోనివ్వాలి, ధైర్యం చెప్పాలి.

అది నీకు ఎవరో కొత్తగా నేర్పనక్కర్లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఏం చేస్తావో ఒకసారి చూసుకో. మూత బిగుసుకుపోయి ఓ పిల్ల డబ్బా పట్టుకుని నీ దగ్గరికొస్తుంది. నువ్వు చీరకొంగుతో పట్టి తిప్పి తీస్తావు. పప్పు ఒక మూలకి, అన్నం ఒక మూలకి పోయి ఉంటే కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి పెడతావు. ఆ పిల్లకి నిన్న డిక్టేషన్‌లో సున్నా వచ్చిందని ఇవాళ అన్నం కలపడం మానెయ్యవు. వాళ్లమ్మ వచ్చి థాంక్స్ చెప్పాలనీ చూడవు. ఆ పిల్ల తినాలి, అంతే. అదే చేత్తో రెండో డబ్బా మూత కూడా తియ్యి. అది నీది. పిల్లల పక్కనే కూర్చుని, వాళ్లతోపాటు తిను. ఆకలి లేకపోతే నాలుగు ముద్దలైనా సరే. ‘నన్ను నేను ప్రేమించుకోవడం ఎలా’ అన్నదానికి ఈ నెలకి నా జవాబు ఇదే. నీ మీద నీకు ఇష్టం పుట్టాక తిందామని కూర్చోకు. అలా చూసుకుంటూ ఉంటే ఇష్టం దాని టైముకి అదే వస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది నీ ఉపవాసాలు. ఉపవాసానికి నేను వ్యతిరేకిని కాను. మనసు నిండా భక్తితో ఒకపూట తినకుండా ఉంటే ఆ పూట తేలిగ్గా ఉంటుంది, సాయంత్రం ప్రసాదం తింటుంటే కళ్లు చెమ్మగిల్లుతాయి. నువ్వు రాసిన తీరులో అది కనిపించలేదు. ‘పచ్చి మంచినీళ్లు ముట్టకుండా’ అన్న మాటలో కసి కనిపించింది, అదీ నీ ఒంటి మీద. తప్పు చేసిన పిల్లని పస్తు పడుకోబెట్టినట్టు నిన్ను నువ్వు పడుకోబెడుతున్నావు.

మార్గశిర లక్ష్మివారాల పేరెత్తావు కాబట్టి ఆ అమ్మవారి కథే చెబుతాను. మీ వీధిలో ఒడియా ఇళ్లలో ఆ రోజుల్లో చదివే లక్ష్మీ పురాణం నీ చెవిన పడే ఉంటుంది. బలరామ దాసు రాసింది. ఆ లక్ష్మివారం తెల్లవారే ఇల్లలికి, ముగ్గు పెట్టి, భక్తితో పూజ చేసుకున్నది శ్రియా అనే చండాల స్త్రీ. లక్ష్మీదేవి మెచ్చి ఆమె ఇంట్లో అడుగుపెట్టింది. అది చూసి బలభద్రుడు మండిపడి, ఆమెని ఇంట్లోకి రానివ్వొద్దని తమ్ముడికి చెప్పాడు. జగన్నాథుడు అన్న మాట కాదనలేక భార్యని బయటికి పంపించేశాడు. ఎంత దగ్గరివాడు వద్దన్నాడో చూశావా? పెద్దవాళ్ల మాట కాదనలేకపోవడమే ఇక్కడా కారణం.

అమ్మవారు గుడి గుమ్మం దగ్గర పస్తు కూర్చోలేదు. ‘నాలో ఏం లోపముంది’ అని కుమిలిపోలేదు. వెళ్లి తన ఇల్లు తాను కట్టించుకుంది. పన్నెండేళ్లు అన్నానికి మొహం వాచింది వెళ్లగొట్టిన అన్నదమ్ములే. చివరికి తిరిగి తిరిగి, ఎవరి ఇల్లో తెలియకుండానే ఆమె గుమ్మం ముందుకే అడుక్కుంటూ వచ్చారు. ఆమె అన్నం పెట్టింది. వెనక్కి వెళ్లడానికి మాత్రం షరతు పెట్టింది: కులం చూడకుండా అందరూ కలిసి ప్రసాదం తినాలని.

అతనూ ఏదో ఒకరోజు నీ గుమ్మానికొస్తాడని ఈ కథకి అర్థం తియ్యకు. ఆ ఆశకి నేను నీళ్లు పొయ్యను. నువ్వు ఏ తల్లి పేరు చెప్పి పస్తులుంటున్నావో ఆ తల్లి తనని వద్దన్నచోట ఏం చేసిందో గుర్తు చేస్తున్నాను. వచ్చే లక్ష్మివారం పూజ చేసుకో, ముగ్గు పెట్టుకో, అమ్మకి సాయం చెయ్యి, నైవేద్యం పెట్టి నువ్వూ కడుపునిండా తిను. ఒళ్లు కోలుకునేదాకా నీళ్లు మానే ఉపవాసం అసలొద్దు. శనివారానిదీ ఇదే మాట.

ఇక దొంగ భక్తి. దీపం ముందు కూర్చుంటే చెవి ఫోన్ మీదకి పోవడం దొంగతనం కాదు, ఆరేళ్ల అలవాటు. అది ఒక నెలలో పోదు. నారద భక్తి సూత్రాలు భక్తిని పరమ ప్రేమ అన్నాయి, ఆ ప్రేమ పదకొండు రకాలుగా ఉంటుందనీ చెప్పాయి. ప్రియుడిగా చూసుకునే కాంతాసక్తి అందులో ఒకటి మాత్రమే. సేవ చేయడం ఉంది, స్నేహం ఉంది, బిడ్డలా చూసుకోవడం ఉంది, ఊరికే తలుచుకోవడం ఉంది. ఎడబాటులో ఏడవడం కూడా ఉంది. ఇంత బారు వరస ఉండగా ఒక్కదాని దగ్గరే ఆగిపోయి, అది పోయింది కాబట్టి నా బతుకులో ప్రేమే లేదంటున్నావు. స్కూల్లో నీకు టైమ్ తెలియనిది దేనివల్ల? ఆ వాత్సల్యం నీకు రోజూ దొరుకుతూనే ఉంది, నువ్వు దాన్ని లెక్కలో వెయ్యడం లేదు. అద్దం చిట్కా చెప్పిన స్నేహితురాలు కూడా నిన్ను ప్రేమించబట్టే చెప్పింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అతను ఖాళీ చేసిన చోట దేవుణ్ణి కూర్చోబెట్టి, ‘నువ్వైనా నాకు జవాబివ్వు’ అని అడిగితే, జవాబు రాని ప్రతి రాత్రీ మళ్లీ పాత గాయమే. దేవుడు కూడా వద్దన్నాడనిపిస్తుంది. సాయంత్రం ఓ పది నిమిషాలు చాలు. ఏమీ అడగొద్దు, మొక్కొద్దు. మనసు ఫోన్ మీదకి పోతే, పోయిందని గమనించి మళ్లీ దీపాన్ని చూడు. తిట్టుకోకు. ఏడుపొస్తే ఏడువు. నది దాటితే పాతపట్నం, నీలమణి దుర్గమ్మ గుడి. అమ్మని తీసుకుని ఓ ఆదివారం వెళ్లు. కోరికేమీ లేకుండా ఊరికే చూసి రా.

సత్సంగంలో పాటలు బాగుంటే, అక్కడివాళ్లు ఆప్యాయంగా ఉంటే మానక్కర్లేదు. అయితే నీ దుఃఖాన్ని మాయ అని కొట్టిపారేస్తే తలూపకు. ఆరేళ్లు నువ్వు ప్రేమించింది నిజం, దెబ్బ తిన్నదీ నిజం. దేవుణ్ణి ప్రేమించడమంటే ఇక పెళ్లే వద్దనుకోవడమని ఎవరైనా అంటే అదీ నమ్మకు. సంసారంలో ఉండి భక్తులైనవాళ్లు మన దేశంలో కొల్లలు.

తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం ఇంకా రెండు వారాలు ఇలాగే సాగినా, బతకాలని లేదనిపించినా ఆలస్యం చెయ్యకు. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. జ్వరానికి వెళ్లినట్టే వెళ్లాలి, నామోషీ ఏమీ లేదు.

టెక్కలి సంబంధానికి ఇప్పుడే అవునని చెప్పొద్దు, కాదనీ చెప్పొద్దు. ఒకర్ని మర్చిపోవడానికి ఇంకొకర్ని చేసుకోవడం ఆ వచ్చే అబ్బాయికి అన్యాయం. అయితే అమ్మకి కారణం తెలియాలి. ఆరేళ్ల కథ ఆవిడకి ఎంతవరకు తెలుసో నువ్వు రాయలేదు, కొంత పసిగట్టే ఉంటుందని నా అనుమానం. రేపో ఎల్లుండో వంటయ్యాక పక్కన కూర్చుని, మొదటినుంచీ చెప్పు. రాత్రి ఫోన్ల సంగతీ దాచకు. ముందు కోప్పడుతుంది, పడనీ. కోపం చల్లారాక ఆర్నెల్లు గడువు అడుగు. టెక్కలివాళ్లు ఆగేవాళ్లయితే ఆగుతారు, ఆగకపోతే వేరే చూసుకుంటారు. ఆ గడువులో సంబంధాల మాట ఎత్తనని అమ్మ చేత మాట తీసుకో. తీసుకున్నాక ఎలా ఉన్నావో నాకు మళ్లీ రాయి.