మూతి వంకరపోయింది.. స్టెరాయిడ్ వాడాలా, వైరస్ మందు చాలా?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. షుగర్ ఉంది. నిన్న ఉదయం పుక్కిలిస్తుంటే నీళ్లు నోటి పక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి పక్కకు లాగేసి ఉంది. కుడి కన్ను మూతపడటం లేదు. డాక్టర్ పరీక్షించి బెల్స్ పాల్సీ అన్నారు, స్టెరాయిడ్ రాశారు. మరో డాక్టరేమో షుగర్ ఉంది కదా, వైరస్ మందు చాలన్నారు. ఏది వాడాలి? - ఒక పాఠకురాలు

జవాబు: స్టెరాయిడే వాడాలమ్మా, అదీ ఇవాళే మొదలుపెట్టాలి. ముఖాన్ని కదిలించే నరం చెవి వెనక సన్నని ఎముక గొట్టంలోంచి వస్తుంది. బెల్స్ పాల్సీలో ఆ గొట్టంలోనే నరం వాచి నలిగిపోతుంది, అందుకే ముఖం ఒక పక్క చచ్చుబడుతుంది. ఆ వాపును తగ్గించేది స్టెరాయిడ్. మొదటి 72 గంటల్లోపు మొదలుపెడితేనే మంచి ఫలితం ఉంటుంది.

ఈ రెండు మందులనూ 2007లో స్కాట్లాండ్‌లో దాదాపు 550 మందిపై పోల్చి చూశారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను 25 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు పది రోజులు ఇచ్చినవారిలో తొమ్మిది నెలలకు 94 శాతం మందికి ముఖం పూర్తిగా మామూలైంది. అది వాడనివారిలో 82 శాతమే. వైరస్ మందు ఎసైక్లోవిర్‌తో అదనపు లాభమేమీ కనిపించలేదు. అందుకే స్టెరాయిడ్ మానేసి ఆ మందు ఒక్కటే వాడటాన్ని నేను ఒప్పుకోను. ముఖం ఒక పక్క అసలే కదలకపోతే స్టెరాయిడ్‌కు తోడుగా ఇవ్వొచ్చు. చెవిలో గానీ చుట్టూ గానీ నీటి పొక్కులు, విపరీతమైన నొప్పి ఉంటే అది వేరే జబ్బు, హెర్పిస్ జోస్టర్. దానికి వైరస్ మందు తప్పనిసరి.

షుగర్ గురించి మీ టెన్షన్ నాకు అర్థమైంది. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది, నిజమే. ఆ పది రోజులూ రోజూ చూసుకుంటూ, షుగర్ మందులో మార్పులు డాక్టర్‌తో చేయించుకుంటే సరిపోతుంది. ఆ భయంతో స్టెరాయిడ్ మానొద్దు.

ఒక్క విషయం గమనించండి. ఆయన్ను కనుబొమలు పైకెత్తమనండి. వంకరపోయిన వైపు నుదుటి మీద ముడతలు మామూలుగానే పడుతున్నా, చెయ్యి, కాలు, మాట తడబడుతున్నా అది మెదడులో పక్షవాతం కావచ్చు. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మందుల హడావుడిలో చాలామంది కంటిని మరిచిపోతారు. మూతపడని కన్ను ఎండిపోయి నల్లగుడ్డుపై పుండు పడుతుంది. పగలు గంటకోసారి కృత్రిమ కన్నీటి చుక్కలు వేయండి. రాత్రి కంటి ఆయింట్‌మెంట్ రాసి, రెప్పను వేలితో మెల్లగా దించి, పూర్తిగా మూసుకున్నాకే టేపు అంటించండి. తెరిచి ఉన్న కంటిపై దూది పెట్టి కట్టకండి, అది గుడ్డుకు రాసుకుంటుంది. కన్ను ఎర్రబడినా, నొప్పి వచ్చినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించండి.