నాలుగేళ్ల పాపకు మత్తిచ్చి పళ్లు చేయించవచ్చా?

మీ పాపకు నాలుగు దవడ పళ్లు పుచ్చాయని, డాక్టరు మత్తిచ్చి చేద్దామన్నారని రాశారు. మీ టెన్షన్ అర్థమైందండీ, పోయినేడాది మా వాడికీ ఇదే పరిస్థితి.

ముందు ఏ మత్తో అడగండి. ముక్కుకు చిన్న మాస్కు పెట్టి నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే పిల్లలు మెలకువగానే ఉంటారు, గ్యాస్ ఆపి కాసేపు ఆక్సిజన్ ఇస్తే తేరుకుంటారు. జలుబుతో ముక్కు మూసుకుపోతే మాత్రం అది పనిచేయదు. మిడజోలం సిరప్ తాగిస్తే అరగంటలో జోగుతారు. పూర్తి మత్తయితే అనస్థీషియా డాక్టరు ఉండి తీరాలి.

మా వాడి వేలికి ఎర్రలైటు క్లిప్పు, అదే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే పల్స్ ఆక్సీమీటర్, పెట్టి ఒకరు దాన్నే చూస్తూ కూర్చున్నారు. పళ్లు చేసే డాక్టరే మత్తు కూడా తనే చూసుకుంటానంటే నేనైతే ఒప్పుకోను.

సిరప్పుకైనా, పూర్తి మత్తుకైనా మామూలుగా అన్నం, పాలు 6 గంటల ముందే ఆపమంటారు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకూ పట్టొచ్చు. పిల్లాడికి ఆకలేస్తోందని మా అత్తగారు బిస్కెట్ పెట్టబోతే గుమ్మంలో పట్టుకున్నాను! మత్తులో వాంతయి అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. పాపకు గురక, ఆయాసం ఉంటే ముందే చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు కార్లో పక్కనే కూర్చుని, తల ముందుకు వాలిపోకుండా చూసుకోండి.