అక్క వచ్చింది, బర్రె వచ్చింది

సందేహం: దేవరకొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ఎనిమిదో తరగతిలో క్రియాపదాల పాఠం నడుస్తుండగా ఒక అమ్మాయి లేచి, "టీచర్, అన్న వచ్చిండు అంటం. అక్క వచ్చింది అంటం. బర్రె గూడ వచ్చింది అంటం. అక్కా బర్రె ఒక్కటేనా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంకో సంగతి: మా ఊరి సర్పంచ్ మహిళ. బడి కార్యక్రమం రిపోర్టులో "మహిళా సర్పంచ్ గారు వచ్చారు. ఆమె పిల్లలతో మాట్లాడారు" అని రాశాను. తోటి సారు ఒకరు "ఆమె అన్నాక మాట్లాడింది అనే రాయాలి, మాట్లాడారు తప్పు" అని దిద్దారు. ఏది ఒప్పు?

సమాధానం: ముందు ఆ అమ్మాయికి చెప్పాల్సింది చూద్దాం. ఆమె చెప్పిన వాక్యాలనే బహువచనంలోకి మార్చమనండి. "అన్నలు వచ్చిన్రు. అక్కలు వచ్చిన్రు. బర్రెలు వచ్చినయ్." ఇప్పుడు అక్క ఎవరి పక్కన నిలబడిందో పిల్లలే చెబుతారు. "అక్కలు వచ్చినయ్" అని పాలమూరులో గానీ నల్లగొండలో గానీ ఎవరూ అనరు. లెక్క పెట్టమనండి: ఇద్దరు అన్నలు, ఇద్దరు అక్కలు, రెండు బర్రెలు. ఏకవచనంలో కూడా తేడా పూర్తిగా పోలేదు. అక్క "ఒక్కతే" వస్తుంది, బర్రె "ఒక్కటే" వస్తుంది. అంటే అక్కా బర్రె ఒకటని తెలుగు ఎక్కడా అనలేదు. ఒకరే ఉన్నప్పుడు, అదీ క్రియ చివర మాత్రం, రెంటికీ ఒకే గుర్తు పెట్టింది.

ఆ గుర్తు ఎక్కడిదో కూడా చెప్పవచ్చు. పాత తెలుగులో "రాముడు వచ్చెను, సీత వచ్చెను, రథము వచ్చెను" అన్నారు. మూడింటికీ ఒకటే క్రియ. ఆడా మగా తేడా అక్కడ లేనే లేదు. ఇప్పుడు మనం వాడే రూపాలు వచ్చినవాడు, వచ్చినది అనే మాటల నుంచి తయారైనవి. వచ్చినాడు, వచ్చాడు, మన దిక్కు వచ్చిండు: వీటిలో "వాడు" ఉన్నాడు. వచ్చింది అనే దానిలో "అది" ఉంది. మన పలుకుబడిలో ఇది మరీ బయటికి కనిపిస్తుంది. పుస్తకాల్లో "వస్తుంది" అంటే అందులోని "అది" చటుక్కున వినిపించదు. "వస్తది, పోతది, తింటది" అన్నప్పుడు మాత్రం చెవిలో పడుతుంది. మీ విద్యార్థినికి ఈ అనుమానం రావడానికి ఆమె ఇంట్లో మాట్లాడే తెలుగే కారణమై ఉండవచ్చు.

ఇక "అది" అనే సర్వనామం. ఇప్పుడు పరాయి ఆడమనిషిని "అది" అంటే తిట్టినట్టే. ఇంట్లో మాత్రం "వాడు బడికి పోయిండు, అది ఇంట్ల ఉన్నది" అని తల్లి తన పిల్లల గురించే అంటుంది. అక్కడ "వాడు"కు ఉన్నంత చనువే "అది"కీ ఉంది. గౌరవంగా చెప్పడానికి ఆమె, ఆవిడ అనే మాటలు ఉన్నాయి. అయితే ఆ గౌరవం సర్వనామం దగ్గరే ఆగిపోయి, క్రియ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ "ది" వస్తుంది. మీ తోటి సారు పట్టుకున్నది ఈ కొసనే.

వ్యాకరణానికి ఇందులో పాపం ఏమీ లేదా అంటే, వ్యాకరణం రాసినవాళ్ళకు కొంత ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో స్త్రీలు, పశుపక్షులు, ప్రాణం లేని వస్తువులు కానివాటిని మహత్తులన్నాడు. అంటే మగవాళ్ళను చెప్పే మాటలు మహత్తులు, మిగిలినవి అమహత్తులు. భాషలో ఉన్న తేడాను గుర్తించడం ఆయన పని. కానీ మగవాళ్ళ గుంపుకు "గొప్పది" అని పేరు పెట్టమని భాష ఎవరినీ అడగలేదు. తమిళ వ్యాకర్తలు తమ పాత వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం కాలానికే మాటలను ఉయర్తిణై, అహ్రిణై అని రెండుగా విడదీశారు. వాళ్ళూ పై తరగతి, కింది తరగతి అనే అన్నారు. అయితే పై తరగతిలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. తమిళ క్రియ ఆడవాళ్ళను పశువులతో, వస్తువులతో కలపదు కాబట్టి వాళ్ళకు వీలైంది.

తెలుగు ఇట్లా ఎందుకైందో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వివరించారు. మన ఆదిలాబాద్ గోండి, కొలామీ భాషల్లో ఒకరున్నా పదిమంది ఉన్నా ఆడవాళ్ళు మగేతరుల గుంపులోనే ఉంటారు. ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన మూలద్రావిడంలోనూ అట్లాగే ఉండేదని, బహువచనంలో స్త్రీలను పురుషులతో కలపడం తెలుగు తర్వాత చేసుకున్న మార్పు అని ఆయన అభిప్రాయం. 2003లో వచ్చిన ద్రావిడ భాషల మీది పెద్ద పుస్తకంలో దీన్ని వివరంగా చర్చించారు. ఆయన మాటే నిజమైతే తెలుగు ఆడవాళ్ళను కిందికి తోయలేదు, సగం దూరం పైకి తెచ్చి ఆగింది.

ఇంతమాత్రాన భాషను బట్టి సమాజాన్ని కొలవకూడదు. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం మాట్లాడేవాళ్ళు చాలామంది. కన్నడంలో అవను బందను, అవళు బందళు, అదు బంతు. ఆమెకు వేరే క్రియ ఉంది, ఎవరితోనూ కలపలేదు. ఆ "ళు" ఉన్నందుకు కృష్ణ దాటి రాయచూరు పొలాల్లో ఆడకూలీకి మగకూలీతో సమానంగా డబ్బులు ముట్టాయా? బెంగాలీ, ఫారసీ, తుర్కీ భాషల్లో అతడు, ఆమె అని తేడా చూపే సర్వనామమే లేదు. ఆ దేశాల ఆడవాళ్ళ బతుకులు ఒక్క తీరుగా లేవు. మన ఇరుగుపొరుగు ఉర్దూ తీసుకోండి. అందులో "నేను వచ్చాను" అనడానికి కూడా మగవాడు ఆయా, ఆడమనిషి ఆయీ అనాలి. రొట్టె స్త్రీలింగం, నీళ్ళు పుంలింగం. సంస్కృతంలో భార్య అనే అర్థంలో దారాః పుంలింగం, అదీ బహువచనం. కళత్రం నపుంసకలింగం. దీన్ని బట్టి ఆ కాలపు భార్యల గురించి ఏమైనా తేల్చబోతే నవ్వులపాలవుతాం. తెలుగులో నేను, నువ్వు అన్నప్పుడు క్రియకు ఆడా మగా తేడా లేదు. ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పండి.

మరి ఆ అమ్మాయి అనుమానం ఉత్తదేనా? కాదు. ఆమె సరైన అనుమానమే పడింది, వెతికిన చోటు వేరు. "అక్క వచ్చింది" అనక తప్పదు. మరో దారి లేని చోట మాట్లాడేవాడి మనసు బయటపడదు. రెండు దారులున్న చోట ఎటు పోతాడో చూడాలి. తెలుగులో ఆ చోటు "వచ్చారు".

మీ బడిలోనే రెండు రోజులు చెవి ఒగ్గి వినండి. "సార్ వచ్చిన్రు, మేడం వచ్చింది" అని ఒకే నోట వినిపిస్తుందేమో చూడండి. వినిపిస్తే అది వ్యాకరణం చేసిన పని కాదు. సారుకు ఇచ్చిన బహువచనాన్ని మేడంకు ఇవ్వకపోవడం. "సారు వచ్చిండు, మేడం వచ్చింది" అంటే నాకు అభ్యంతరం లేదు. చనువు ఇద్దరికీ సమానంగా పంచారు. దక్షిణ తెలంగాణలో చాలా ఇండ్లలో భార్య "మా ఆయన వచ్చిండు" అనే అంటుంది, నాయినను కూడా "నాయిన వచ్చిండు" అంటారు. పుస్తకాల తెలుగు నేర్చినవాళ్ళు దీన్ని మొరటు అనుకున్నారు. నాకు మాత్రం "మావారు వచ్చారు, మా ఆవిడ వచ్చింది" అనే మర్యాదలోనే ఎక్కువ అన్యాయం కనిపిస్తుంది.

అయితే ఈ గౌరవ బహువచనం ఆడా మగా అనే లెక్క ఒక్కదాని మీదే నడవలేదు. గడీలు నడిచిన కాలంలో దొరసానికి "వచ్చిన్రు" దక్కింది. ఆ గడీలో వెట్టి చేసిన ముసలాయనకు "వాడు వచ్చిండు" తప్ప మరోటి దక్కలేదు. ముందు కులం చూసి, తర్వాత ఆడా మగా చూసి పంచిన గౌరవం ఇది. రెండు విధాలా కింద పడ్డ ఆడకూలీకి "ఏమే, ఒసే" మిగిలాయి. ఇప్పుడు ఐలమ్మ సంగతి చూడండి. ఆమె పాలకుర్తి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ తన పంట ఎత్తుకుపోబోతే అడ్డం నిలిచిన మనిషి. సాయుధ పోరాటం మీద మన పిల్లలు వ్యాసం రాస్తే "రావి నారాయణరెడ్డి నాయకత్వం వహించారు, ఐలమ్మ ఎదురు తిరిగింది" అని రాస్తారు. పాటలో "ఐలమ్మ లేచింది" అంటే అది ప్రేమ. అట్లాగే "రాముడు వచ్చాడు" కూడా ప్రేమే. వ్యాసంలో ఒకరికి "వహించారు" అన్నాక రెండో వారికి "తిరిగింది" అంటే తూకం తేడా వచ్చినట్టే. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఇద్దరికీ ఒకే తీరు క్రియ రాయమని చెప్పండి. ఇద్దరికీ ఏకవచనం రాసినా మార్కు తీసేయొద్దు.

దీన్ని బట్టి మీ రెండో సందేహానికి జవాబు దొరికింది. "ఆమె మాట్లాడారు" నిక్షేపంగా రాయవచ్చు. ఆమె ఏకవచనం కాబట్టి క్రియ బహువచనంలో ఉండకూడదని మీ సారు అంటే, "ఆయన మాట్లాడారు" ఎట్లా ఒప్పయిందని అడగండి. ఆయన కూడా ఏకవచనమే. "ఆయన వచ్చెను" అని రాసిన రోజులూ ఉన్నాయి. గౌరవార్థంలో బహువచన క్రియను ఆయనకు అలవాటు చేసుకున్నాం, ఆమెకు ఇంకా చేసుకుంటున్నాం. అంతే తేడా.

మీ వాక్యంలో నేను కొట్టేసేది "మహిళా" అనే మాటను. రిజర్వేషన్ గురించి రాస్తున్నప్పుడు అది కావాలి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు తగ్గకుండా స్త్రీలకు ఉంచింది, మన రాష్ట్రంలో అది సగం అయింది. సగం మంది ఆడవాళ్ళే ఉన్న పదవిలో వాళ్ళకు మాత్రం ముందు ఒక గుర్తు తగిలించడం ఎందుకు? పక్క ఊరి సర్పంచును "పురుష సర్పంచ్" అని ఎవరైనా రాశారా?

ఇటువంటిదే రైతు. ఈ మాటలో లింగం లేదు. అయినా రైతు అనగానే తలపాగా, మీసం కనిపిస్తాయి. నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళు. పేపర్లో మాత్రం "రైతు, ఆయన భార్య పొలం పనిలో ఉండగా" అని వస్తుంది. ఇద్దరూ పొలంలోనే ఉన్నారు, ఒకరే రైతు. పట్టా ఎవరి పేరున ఉందో మాట కూడా వాళ్ళ పేరున రాసేశారు. దీన్ని నిఘంటువు సరిచేయలేదు, ముందు పాసుపుస్తకం మారాలి. ఈలోగా "రైతు దంపతులు" అని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఉపాధ్యాయురాలు, రచయిత్రి, కవయిత్రి లాంటి మాటలు కొందరికి ఇష్టం, కొందరు వద్దంటున్నారు. ఎవరి గురించి రాస్తున్నామో వారికి నచ్చినట్టు రాస్తే సరిపోతుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి రాసేటప్పుడూ ఇంతే. 2014లో సుప్రీంకోర్టు వారిని మూడో జెండర్‌గా గుర్తించింది, తమ జెండర్ తామే చెప్పుకునే హక్కు ఉందన్నది. మన క్రియకు ఏకవచనంలో అయితే డు, లేకపోతే ది, మూడోది లేదు. వారు తమను ఎట్లా చెప్పుకుంటారో తెలిస్తే అట్లా రాయండి. తెలియకపోతే "వచ్చారు" అనండి. మీ సారు దీన్నీ దిద్దితే, "ఎవరో వచ్చారు" అనేటప్పుడు వచ్చింది ఒక్కరే అయినా ఏ క్రియ వాడతారో ఆయననే అడగండి.