వైటెనింగ్ తర్వాత పళ్ళు జివ్వుమంటుంటే, రంగు నిలవాలంటే

వైటెనింగ్ (పళ్ళు తెల్లబరిచే చికిత్స) చేయించుకుని రెండు రోజులైందని, గాలి తగిలినా ముందు పళ్ళు జివ్వుమంటున్నాయని, తెలుపు అప్పుడే తగ్గినట్టుందని రాశారు. కంగారుపడకండి, నాకూ అచ్చం ఇలాగే అయింది. చెల్లి పెళ్ళికి పది రోజుల ముందు చేయించుకున్నాను. ఆ రాత్రి ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ ఒక్క గుక్క తాగేసరికి కింది పళ్ళలోంచి కణత దాకా కరెంటు కొట్టినట్టయింది. గ్లాసు పక్కన పెట్టి చెంప పట్టుకుని కూర్చుండిపోయాను. మూడో రోజుకి సగం తగ్గింది, వారానికి పూర్తిగా పోయింది. తెల్లబరచడానికి పళ్ళకి రాసే జెల్‌లోని పెరాక్సైడ్ అనే రసాయనం ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, దాటి లోపలికి దిగి నరాన్ని రేపుతుంది, అందుకే ఆ జివ్వు.

నాకు ఎక్కువ మేలు చేసింది 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్. ట్యూబు మీద ఆ పేరు చూసి కొనండి. మెత్తటి బ్రష్‌తో రెండు పూటలా తోముకుని ఉమ్మేయండి, వెంటనే నీళ్ళతో పుక్కిలించకండి. రాత్రి పడుకోబోయే ముందు కొంచెం పేస్ట్ వేలితో ఆ పళ్ళకి రాసి వదిలేసేదాన్ని. దీని గుణం నిదానంగా కనిపిస్తుంది. అందుకే రెండోసారి చేయించుకున్నప్పుడు రెండు వారాల ముందే మొదలుపెట్టాను, నొప్పి చాలా తక్కువ. అన్నాళ్ళూ గోరువెచ్చటి నీళ్ళే తాగాను.

తెలుపు తగ్గిందన్నారు కదా, చికిత్సలో పళ్ళు తడి ఆరిపోయి మరీ తెల్లగా కనిపిస్తాయి. లాలాజలంతో మళ్ళీ తడి చేరాక అసలు రంగు తేలుతుంది. మొదటి 48 గంటలూ మాత్రం రంగు పట్టే తిండికి గట్టిగా దూరంగా ఉండాలి. మన వంటింట్లో అన్నిటికన్నా కష్టం పసుపుతోనే! పులిహోర, పప్పుచారు, టీ, కాఫీ, దానిమ్మ, బీట్‌రూట్ పక్కన పెట్టి పెరుగన్నం, తెల్ల ఉప్మా, ఇడ్లీ కొబ్బరి చట్నీతో గడిపాను. ఇప్పుడు టీ తాగుతున్నాను, తాగగానే నీళ్ళు పుక్కిలిస్తాను. పులుసు, నిమ్మరసం తీసుకున్నాక మాత్రం అరగంట ఆగి తోముకోండి, పులుపుకి ఎనామిల్ పైపొర మెత్తబడుతుంది.

నిమ్మచెక్క, ఉప్పు, బొగ్గు పొడి రుద్దమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి. ఎనామిల్ అరిగితే కింద ఉన్న పసుపు పొర బయటపడుతుంది, జివ్వు ఇంకా పెరుగుతుంది. క్యాప్ వేసిన పన్ను రంగు మారదు, దాన్ని చూసి బాధపడకండి.

ఒకే పన్ను రాత్రంతా సలుపుతున్నా, వారం దాటినా తగ్గకపోయినా వెంటనే డాక్టర్‌కి చూపించండి, లోపల పుచ్చో పగులో ఉండవచ్చు.