ఫోక్‌లోర్‌కు ‘జానపద సాహిత్యం’ సరిపోదు

మీ వ్యాసంలో ఫోక్‌లోర్‌ను ‘జానపద సాహిత్యం’ అని రాస్తే మాస్టారు ఆ మాట కొట్టేశారని మీరు బాధపడ్డారు. ఆయన దిద్దింది సరైనదేనండీ. అక్కడ ‘జానపద విజ్ఞానం’ అని రాయండి.

గుంటూరులో మా అమ్మమ్మ దిష్టి తీసేటప్పుడు గుప్పిట్లో రాళ్ల ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని, ‘ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి’ అంటూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసేది. మిరప ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే! ఇందులో సాహిత్యం అనదగ్గవి ఆ పలికిన మాటలు మాత్రమే. తిప్పడం ఆచారం, ఘాటును బట్టి తేల్చుకోవడం నమ్మకం. ఇవన్నీ కలిస్తేనే జానపద విజ్ఞానం.

ఫోక్ అంటే జనం, లోర్ అంటే తరతరాలుగా వచ్చిన ఎరుక. ఈ రెంటినీ కలిపి 1846లో విలియం థామ్స్ అనే ఇంగ్లండు రచయిత ఇంగ్లీషులో కొత్త మాట చేశాడు. మన ‘జానపదం’ జనపదం నుంచి పుట్టింది కాబట్టి పల్లెలదే అనిపిస్తుంది కానీ, విజయవాడ సిటీ బస్సులో పిల్లలు విప్పుకునే పొడుపుకథ కూడా జానపదమే.

పాటలు, కథలు, సామెతల గురించి మాత్రమే రాసిన పేరాల్లో ‘జానపద సాహిత్యం’ అలాగే ఉంచండి, అక్కడ తప్పు లేదు.