అఫ్గాన్ అమ్మాయిలకు కోర్సులు దొరుకుతున్నాయి, దొరకనివి వేరే ఉన్నాయి

"అఫ్గాన్ మహిళల ఆన్‌లైన్ డిగ్రీ చదువులకు బయటివాళ్ళం సాయం చేస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా? ఎలా చేయాలి?" అని అడిగారు. ఉంటుంది. కాకపోతే మనం చేయాలనుకునే సాయం ఒకటి, వాళ్ళకు కావలసింది ఇంకొకటి.

నేను స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. ఒకప్పుడు మా మేడ మీద వాటాలో ఉస్మానియాలో చదివే అఫ్గాన్ కుర్రాడు అద్దెకుండేవాడు. కాబూల్ వెళ్ళిపోయాక కూడా దీపావళికి మెసేజ్ పెట్టడం మానలేదు. 2022 డిసెంబరులో తాలిబన్లు ఆడపిల్లలను యూనివర్సిటీలు మాన్పించారు కదా, అప్పుడు ఫోన్ చేశాడు. "ఆంటీ, మా చెల్లి ఎకనామిక్స్ మధ్యలో ఆగిపోయింది, మీరేమైనా చెప్తారా?" అన్నాడు. ఆ పిల్లకు సీరియళ్ళు చూసి వచ్చిన హిందీ, నాకు హైదరాబాద్ హిందీ. పాఠాలకు అది చాలింది. మెల్లగా ఆమె స్నేహితురాళ్ళూ చేరారు.

ఆ పిల్లకు ఒక విదేశీ ఆన్‌లైన్ కాలేజీలో సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు లేదు. ఇంకేం కావాలి అనుకున్నాం. అసలు కథ పరీక్షల దగ్గర మొదలైంది.

పరీక్ష రాసేటప్పుడు గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కెమెరా తిప్పి నాలుగు గోడలూ చూపించాలి, చూపు స్క్రీన్ మీదే ఉండాలి. ఇవీ రూల్స్. అది జనవరి. కాబూల్ చలిలో ఇంటిల్లిపాదీ ఉండేది బుఖారీ (గది వేడి చేసే పొయ్యి) వెలిగించిన ఒక్క గదిలోనే. ఈ పిల్ల పరీక్ష కోసం చలిగదిలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. సగంలో కరెంటు పోయింది. ఆ దేశం కరెంటులో ఎక్కువ భాగం ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్ లాంటి పొరుగు దేశాల నుంచి కొనుక్కునేదే, చలికాలంలో కోతలు మామూలు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని మళ్ళీ లోపలికి వచ్చేసరికి చీకట్లో మొహం సరిగా కనబడలేదట. "అనుమానాస్పద ప్రవర్తన" అని రిజల్ట్ ఆపేశారు.

"ఉస్తాద్ జాన్, నేను కాపీ కొట్టలేదు" అని నాకు వాయిస్ మెసేజ్. నా సర్వీసులో కాపీ కొట్టేవాళ్ళను ఎంతమందిని పట్టుకున్నానో! గొంతు వింటేనే తెలిసిపోతుంది.

నేను కాలేజీకి ఈమెయిల్ పెట్టాను. మొదటి జవాబు: ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకోండి. రెండోది ఇంకా ఘనం: ఆ సమయంలో కరెంటు పోయిందని విద్యుత్ శాఖ నుంచి లెటర్ తెచ్చి అప్‌లోడ్ చేయండి! ఇంట్లో గుట్టుగా చదువుకుంటున్న ఆడపిల్ల తాలిబన్ల ఆఫీసుకెళ్ళి "నాకు పరీక్ష ఉండింది, కరెంటు పోయింది, కాగితం రాసివ్వండి" అని అడగాలన్నమాట. నా బీపీ పెరిగిపోయింది. పది నిమిషాలు ఫోన్లో ప్రశ్నలడగండి, చదివిందో లేదో తేలిపోతుంది అని రాశాను. ఒప్పుకోలేదు. చివరికి మళ్ళీ పరీక్ష ఫీజు కట్టి తర్వాతి టర్మ్‌లో రాసుకోమన్నారు. ఆ ఫీజు కాబూల్ నుంచి కట్టాలంటే అంతర్జాతీయ కార్డు కావాలి, ఆ ఇంట్లో అది లేదు. నేనే కట్టాను. పాసయింది, అదీ మంచి మార్కులతో.

అందుకే అంటున్నాను, కోర్సులకు కరువు లేదు. అమెరికాకు చెందిన ఆన్‌లైన్ యూనివర్సిటీ, యూనివర్సిటీ ఆఫ్ ది పీపుల్, వేల మంది అఫ్గాన్ మహిళలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చింది. మన విదేశాంగ శాఖ కింద ఉండే ఐసీసీఆర్ కూడా వాళ్ళకు ఆన్‌లైన్ డిగ్రీల స్కాలర్‌షిప్పులు ప్రకటించింది. (అదే మన దేశం 2021 ఆగస్టులో పాత వీసాలన్నీ రద్దు చేసింది. కోవిడ్‌కి ఇంటికెళ్ళిన విద్యార్థులు అక్కడే ఇరుక్కుపోయారు. దాని గురించి ఎవరూ మాట్లాడరు.) లేనివి డేటా డబ్బులు, పరీక్ష ఫీజు కట్టే కార్డు, కాలేజీతో వాళ్ళ తరఫున గట్టిగా పోట్లాడే మనిషి.

మనవాళ్ళ సంగతీ చెప్పాలి. ఒక సంఘం వాళ్ళు విరాళమిస్తామన్నారు, సంతోషించాను. తర్వాత "ఇద్దరమ్మాయిలను జూమ్‌లోకి తెచ్చి థాంక్స్ చెప్పించండి, ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటాం" అన్నారు. మీ డబ్బులు మీ దగ్గరే ఉంచుకోండి అన్నాను. ఆ వీడియో ఎవరి కంట పడుతుందో, వాళ్ళింటికి ఎవరొస్తారో ఆలోచించరా?

"డిగ్రీ వస్తే మాత్రం అక్కడ ఉద్యోగం ఎక్కడిది?" అని కొందరు. నిజమే, 2024 డిసెంబరులో తాలిబన్లు ఆడవాళ్ళకు నర్సింగ్, మంత్రసాని శిక్షణ కూడా ఆపేశారు. కానీ నన్ను డిగ్రీకి పంపినప్పుడు మా నాన్నను కూడా ఊళ్ళో ఇదే అడిగారు. నేను పాఠం చెప్పిన వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పుడు ఇంట్లో కూర్చునే బయటి దేశం వాళ్ళకు లెక్కలు రాసిపెడుతోంది.

మీకు అకౌంట్స్, ఇంగ్లీష్, కోడింగ్ ఏదొచ్చినా సరే, తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళి వారానికి ఒక గంట ఇవ్వండి. కాబూల్ మనకంటే గంట వెనక, రాత్రి ఎనిమిదికి పెట్టుకుంటే ఇద్దరికీ కుదురుతుంది. పాఠాన్ని చిన్న పీడీఎఫ్‌గా, ఆడియోగా ముందే పంపేయండి. 2025 సెప్టెంబరు చివర్లో దేశమంతా రెండు రోజులు నెట్ కట్ చేసినప్పుడు డౌన్‌లోడ్ చేసుకున్నవే పనికొచ్చాయి. అసలు పేరు చెప్పమనీ, కెమెరా ఆన్ చేయమనీ మాత్రం అడగొద్దు.